ఏడు ఇంజన్ల గంట

ఆ సాయంత్రాల్లో గీజెలా లాంగర్‌కు గంట నిజంగా వినపడేదా, లేక గుర్తొచ్చేదా? ఇన్నేళ్ళయినా తేలని సంగతి ఇది. బల్ల మీది చిన్న ఇంజను వీధి మలుపు దగ్గరికి రాగానే ఆమె తల కొంచెం పక్కకు వంచేది. పెదవి చివర సన్నగా నవ్వు కదిలేది. చూసినవాళ్ళందరూ వింటోందనే అనుకున్నారు. సీగ్మార్ ఊలిగ్ కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు.

సీగ్మార్ ఆ లోయలో ముప్పై ఆరేళ్ళు బస్సు నడిపినవాడు. రైలు తీసేశాక దాని బదులు వేసిన బస్సు అది. అందుకని ఊళ్ళో ముసలివాళ్ళు అతన్ని చూసి, "ఇదిగో, మా రైలును మింగినవాడు వస్తున్నాడు" అని వేళాకోళం చేసేవారు. మింగినదాన్ని అరిగించుకోలేకనో ఏమో, ఉద్యోగం నుంచి దిగిన మరుసటి వారమే వెళ్ళి రైలు బొమ్మల క్లబ్బులో చేరాడు. చేరాక గానీ తెలియలేదు, తనకు ఇన్నాళ్ళూ మాట్లాడే మనుషులు లేరని.

గ్రూన్‌టాల్ స్టేషనుకు రైళ్ళు రావడం మానేసి నలభై ఏళ్ళు దాటింది. పట్టాలు పీకిన దారిలో ఇప్పుడు జనం కుక్కల్ని తిప్పుతారు. స్టేషను వెయిటింగు హాలు మాత్రం క్లబ్బుకు మిగిలింది. అందులో పదకొండు మీటర్ల బల్ల. దాని మీద లోయంతా ఉంది, అసలు దానిలో ఎనభై ఏడో వంతు: ఏరు, రంపపు మిల్లు, చర్చి, వీధి అంచునే ఇళ్ళ గుమ్మాలను రాసుకుంటూ పోయే చిన్నపట్టాల రైలు. బయట ఆకులు రాలినా, మంచు పడినా బల్ల మీద ఎప్పుడూ జూన్ నెల మధ్యాహ్నమే. ఆరవేసిన దుప్పట్లు ఆరవు. మిల్లు ముందు నిలబడ్డ మనిషి గొడ్డలి దించడు. సీగ్మార్‌కు కొన్ని గురువారాలు ఎలా అనిపించేదంటే, ఆ కిటికీల్లో దీపాలున్న ఊరే అసలు ఊరనీ, తను కోటు వేసుకుని వెళ్ళవలసిన పొగమంచులోని ఊరే ఎవరో జిగురుపెట్టి అంటించిన బొమ్మ అనీ.

ఆ బొమ్మ ఇంజన్లు మూగవి కావు. ఒక్కోదాని కడుపులో గోరంత పలక ఉంటుంది. దాన్ని డీకోడర్ అంటారు. పట్టాల్లోంచి కరెంటుతో పాటు వచ్చే హుకుములు విని, తన నంబరు పిలిస్తేనే కదలడం, కూత వెయ్యడం, ఆవిరి కక్కడం, గంట కొట్టడం దాని పని. పలకలో వందల గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఏ శబ్దం ఎంత పెద్దగా రావాలో ఆ అంకెలే చెబుతాయి. ఇంజను పలకకపోతే తప్పు ఏ గడిలో ఉందో, ఏ తీగ తెగిందో, బఠాణీ గింజంత స్పీకరు చిరిగిందో పట్టుకోవాలి. గ్రూన్‌టాల్‌లో ఆ పట్టుకునే మనిషి గీజెలా.

ఆమెకు రైళ్ళు తెలియవు. బజారు వీధిలో నలభై ఒక్క ఏళ్ళు చెవి మిషన్లు అమర్చింది. క్లబ్బు ప్రెసిడెంటు హార్ట్‌విగ్ ఫ్రిచ్ వాళ్ళమ్మకు మిషను పెట్టింది ఆమే. దుకాణం మూసేసిన ఏడాది హార్ట్‌విగ్ తన ఇంజనును చెప్పులపెట్టెలో పెట్టుకుని ఆమె గుమ్మం ఎక్కాడు.

"చచ్చిపోయింది, లాంగర్ గారూ. కూత లేదు, కదలిక లేదు. డీకోడర్ పీకి కొత్తది వేసెయ్యండి."

ఆమె పెట్టె మూత కూడా తియ్యలేదు. "చివరిసారి ఎప్పుడు పలికింది?"

"ఈస్టరుకి. కొండ ఎక్కించడానికి ఇంకోదానితో జంటగా కట్టాను. బ్రహ్మాండంగా ఎక్కాయి."

"తర్వాత విడదీశారా?"

"ఆ, నా చేత్తోనే కొక్కెం తీశాను."

"కొక్కెం తీశారు సరే. విడిపోయామని దానికి చెప్పారా?"

హార్ట్‌విగ్ నోరు తెరిచాడు. ఆ సాయంత్రమే క్లబ్బులో, ఇంజనుతో వచ్చిన కాగితం చూసి, జంట నంబరు రాసి ఉండే పంతొమ్మిదో గడిలో ఆమె సున్నా రాయించింది, అంతే. ఇంజను చిన్నగా దగ్గి, ఆవిరి కక్కి కదిలింది.

"ఇది చావలేదు ఫ్రిచ్ గారూ. జంట పేరుకు తప్ప సొంత పేరుకు పలకడం మరిచిపోయింది."

"మా ఇంట్లో నేనూ అంతేనండి" అన్నాడు హార్ట్‌విగ్. ఆమె నవ్వలేదు గానీ, ఆ తర్వాత ప్రతి గురువారం క్లబ్బుకు వచ్చింది.

ఆమె పద్ధతే వేరు. తక్కినవాళ్ళు ఇంజను పలకలేదంటే స్క్రూడ్రైవరు వెతుక్కుంటారు. ఆమె ముందు కూర్చుని, "మీకు ఏది వినపడటం లేదు?" అని అడుగుతుంది. అడిగి, పూర్తిగా చెప్పేదాకా మధ్యలో మాట్లాడదు. ఆ తర్వాత సంచిలోంచి రబ్బరు గొట్టం తీస్తుంది. రెండు కొసలు చెవుల్లో పెట్టుకుని మూడోది ఇంజను చిమ్నీకి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. చెవి మిషన్లు సరిచూసే గొట్టమే అది. చక్రాల మురికి వల్ల శబ్దం తెగుతోందా, స్పీకరు అంచు ఊడిందా, లోపల తీగ ఆవిరి దెబ్బకు వణుకుతోందా అన్నది అలా కళ్ళు మూసుకునే చెప్పేది. చివరికి నల్ల అట్ట పుస్తకంలో ఇంజను నంబరు కింద ప్రతి గడిలో ఎంత రాసిందో రాసుకునేది. కూత యాభై, బ్రేకు ఇరవై, గంట నలభై.

క్లబ్బులో అందరూ ఒకరినొకరు నువ్వనే అనుకుంటారు. గీజెలాతో మాత్రం మీరే. అక్కడ మీరు నుంచి నువ్వుకు దిగడం చిన్న సంగతి కాదు. వయసులో పెద్దవాళ్ళు, ఆడవాళ్ళయితే వాళ్ళే, ముందు చెయ్యి చాచి ఇకమీదట నువ్వు అనుకుందామని అనాలి. పదకొండేళ్ళలో ఆమె ఎవరికీ చెయ్యి చాచలేదు. ఐదు కొట్టగానే వస్తుంది, పని ఉన్నంతసేపు ఉంటుంది, పని అయితే వెళ్తుంది. కాఫీకి ఆగే మనిషి కాదు. అందుకే సీగ్మార్ తన ఇంజనుకు ఏదో ఒక జబ్బు తెచ్చేవాడు. ఇరవై నాలుగో నంబరు అతనిది. కూత ఆలస్యమవుతోందనేవాడు, ఆవిరి మోత చక్రంతో కలవడం లేదనేవాడు. ఒకసారి ఏ జబ్బూ దొరక్క చక్రాలకు వంటనూనె రాసి తెచ్చాడు.

"ఇది ఏ వంటకం, ఊలిగ్ గారూ?" అంది ఆమె వేలితో తుడిచి వాసన చూసి.

అలాంటి ఒక సాయంత్రమే ఆమె తన చిన్నతనం సంగతి చెప్పింది. వాళ్ళ ఇల్లు వీధి మలుపులో. రైలు గోడను రాసుకునేంత దగ్గరగా పోయేది. మనుషులు తప్పుకోడానికి ఆ మలుపంతా గంట కొడుతూనే ఉండేది. "గంట మోగితే అమ్మ పాలగిన్నె పట్టుకునేది, అదిరి పడిపోకుండా. ఇప్పటికీ నాకు గంట అంటే ముందు పాలవాసన వస్తుంది." ఇంకోసారి దుకాణం రోజుల గురించి అంది: "నాకు వినపడటం లేదండీ అంటూ నా దగ్గరికి ఎవరూ రాలేదు. మా ఆయన నసుగుతున్నాడు, మా కోడలు గొణుగుతోంది అంటూ వచ్చేవాళ్ళు. చెవి పోతున్న సంగతి ఇంట్లోవాళ్ళకు ముందు తెలుస్తుంది. వాళ్ళు ఆ మాట చెప్పకుండా గొంతు పెంచుతారు. అదీ ప్రేమే. కానీ దానివల్ల ఆ మనిషికి తెలియడం ఇంకో ఐదేళ్ళు వెనక్కి పోతుంది."

ఆ శరత్కాలంలో, ఏ జబ్బూ లేకుండా తెచ్చిన ఇరవై నాలుగో నంబరును ఆమె చెవికి ఆనించుకుని నొసలు చిట్లించింది.

"గంట మోగడం లేదు."

సీగ్మార్‌కు గంట స్పష్టంగా వినపడుతోంది. సన్నగా, ఎత్తుగా, గాజు గ్లాసును చెంచాతో తట్టినట్టు. అయినా స్పీకర్ల డబ్బా ఆమె వైపు జరిపాడు. ఆమె స్పీకరు మార్చింది. మరుసటి వారం మళ్ళీ మార్చింది. మూడోసారి మార్చిన సాయంత్రం హార్ట్‌విగ్ అతన్ని సిగరెట్టు నెపంతో ప్లాట్‌ఫారం మీదికి లాక్కుపోయాడు.

"ఒరేయ్, నీకు గంట వినపడుతోందా లేదా?"

"మొదటినుంచీ వినపడుతోంది."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"ప్రెసిడెంటువి నువ్వు. నువ్వు చెప్పు."

"నేనా! ఊరందరికీ చెవులు పెట్టినావిడకి, అమ్మా మీకు చెవుడు అని నేను చెప్పాలా? చెప్తే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది నన్ను." హార్ట్‌విగ్ రెండు దమ్ములు లాగాడు. "క్రిస్మస్ ముందటి అడ్వెంటు ప్రదర్శన కానీ. ఆ రోజు రైళ్ళు నడిపే హ్యాండిల్ ఆవిడ చేతికే ఇద్దాం, గౌరవంగా. ఆ తర్వాత మెల్లగా చెప్పేస్తాను. ఇకమీదట రిపేర్లు తయారుచేసినవాళ్ళకే పోస్టులో పంపుదాం."

"పని లేకపోతే ఆవిడ రాదు."

"రాకపోతే..." అని హార్ట్‌విగ్ అతని మొహంలోకి చూసి, సిగరెట్టు గోడకు నలిపాడు.

సీగ్మార్‌కు వారంలో తక్కిన రోజులన్నీ గురువారం కోసం వేచి ఉండే స్టాపులే. ఆమె రాని గురువారం ఎలా ఉంటుందో ఊహించబోతే, పట్టాలు పీకేసిన లోయలా కనపడింది. ప్రదర్శన రోజు ఇంతమంది ముందు ఆమె గంట మీట నొక్కి, వినపడక మళ్ళీ నొక్కి, మళ్ళీ నొక్కి... అది కాకూడదు. ఆమెకు ఒక్కసారి గంట వినపడితే చాలు. అప్పుడు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

ప్రదర్శనకు ముందటి రోజు, శనివారం మధ్యాహ్నం, కుర్చీలు వేసే పని తనది గనక తాళంచెవి అతని దగ్గరే ఉంది. ఇంట్లో కంప్యూటరులో తన ఇంజను గళ్ళన్నీ, నంబరు గడితో సహా, దింపుకుని, గంట గడిలో నలభై కొట్టేసి నూట ఇరవై ఎనిమిది చేశాడు. దానికి పై అంకె లేదు. హాల్లో తన ఇంజనును రాత పట్టా మీద పెట్టాడు. అంకెలు మార్చడానికే వేరుగా ఉంచిన మూరెడు పట్టా అది. దాని మీద రాసేటప్పుడు ఏ ఇంజనునూ నంబరు పెట్టి పిలవక్కర్లేదు. ఆ పట్టా మీద ఏది ఉంటే అది రాయించుకుంటుంది. అందుకే ముందు ఎర్ర స్విచ్చి తిప్పి పక్కనున్న షెడ్డు పట్టాలను దాన్నుంచి విడదియ్యాలి. స్విచ్చి పక్కన గీజెలా చేతిరాతతో చీటీ కూడా ఉంది: మొదట ఇది.

బయట ఆ ఏడాది మొదటి మంచు మొదలైంది. చప్పుడు లేకుండా, పెద్ద పెద్ద తునకలుగా. సీగ్మార్ కిటికీ వైపు చూస్తూ రాత మీట నొక్కాడు. తప్పు జరిగిందన్నట్టు పెట్టె మీద దీపం ఒకసారి వెలిగింది. కళ్ళు మంచు మీదే ఉంచి మళ్ళీ నొక్కాడు. ఈసారి వెలగలేదు. గంట కొట్టి చూద్దామనుకున్నాడు. ఎందుకో మనసొప్పలేదు. ఆమె వేలి కిందే మొదటిసారి మోగాలనిపించింది. ఇంజనును తీసుకెళ్ళి బల్ల మీది స్టేషనులో నిలబెట్టి, తలుపు తాళం వేశాడు.

ఆదివారం పదింటికే హాలు నిండింది. కిటికీల్లో విల్లు ఆకారపు కొయ్యదీపాలు, వేడి ద్రాక్షసారా వాసన, ఒడిలో ష్టోలెన్ రొట్టె ముక్కలతో ముసలమ్మలు. హార్ట్‌విగ్ ఉపన్యాసం అయ్యాక హ్యాండిల్ గీజెలా చేతికిచ్చాడు. ఆమె ఇరవై నాలుగో నంబరును పిలిచింది. గంట నొక్కింది. వేగం మీట కొంచెం తిప్పింది.

స్టేషనులోని ఇంజను కదిలింది. దాంతో పాటు షెడ్డు తలుపుల్లోంచి ఇంకో ఆరు కదిలాయి.

ఏడు ఇంజన్లూ ఒకే గొంతుతో గంట కొడుతూ బయటికొచ్చాయి. షెడ్డు ముందు పట్టాలు కలిసేచోట ముక్కూ ముక్కూ రాసుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గంట మాత్రం ఆపకుండా. కిటికీ అద్దాలు చిన్నగా కంపించాయి. పాత వెయిటింగు హాలు కప్పు కింద ఆ మోత తిరిగి తిరిగి, ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా పోయింది. లోయ అవతలినుంచి వస్తున్నట్టూ ఉంది, గోడల్లోంచి వస్తున్నట్టూ ఉంది. సందర్శకులు ఇది ప్రదర్శనలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

"ఆపండి! లాంగర్ గారూ, ఆపండి!" అంటూ హార్ట్‌విగ్ చేతులూపాడు.

ఆమె వెంటనే ఆపలేదు. మీట మీద వేలు అలాగే ఉంది. తల పక్కకు వంచలేదు, నవ్వలేదు. నడివీధిలో ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు నిలబడిపోయింది. తర్వాత మెల్లగా వేలు కదిలింది. హాలు నిశ్శబ్దమైంది.

"అరగంట విరామం! ఇంజన్లు సమ్మె కట్టాయి. కాఫీ మాత్రం పనిలోనే ఉంది, రండి" అని హార్ట్‌విగ్ జనాన్ని అవతలి గదిలోకి తోలుకుపోయాడు.

గీజెలా రాత పట్టా దగ్గర కూర్చుని, ముందు ఎర్ర స్విచ్చి తిప్పి, ఇంజన్లను ఒక్కొక్కటే పెట్టి గళ్ళు చదివింది. మూడోది చదివాక తలెత్తకుండానే అంది.

"అన్నీ ఇరవై నాలుగే. స్విచ్చి మరిచిపోయారు. అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. కానీ గంట గడిలో నూట ఇరవై ఎనిమిది. ఇది పొరపాటున పడే అంకె కాదు."

"నేనే రాశాను" అన్నాడు సీగ్మార్.

"ఎందుకు?"

"బాగా వినపడాలని."

"ఎవరికి, ఊలిగ్ గారూ?"

జనం గోల ఎక్కువ కదా అన్న జవాబు అతను శనివారమే సిద్ధం చేసుకున్నాడు. ఇప్పుడది వదిలేసి ఆమె చెవి వైపు చూశాడు. అవతలి గదిలో కప్పులు, సాసర్ల చప్పుడు.

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

"సెప్టెంబరు నుంచి నేను గమనించాను. అంతకుముందు తెలీదు."

"ఆ మూడు స్పీకర్లు?"

"మూడూ బాగానే ఉన్నాయండి."

"ఫ్రిచ్ గారికి తెలుసా?"

"తెలుసు."

"అందరికీనా?"

అతను తలదించుకున్నాడు. ఆమె గొంతులోంచి నవ్వు లాంటిదేదో వచ్చింది. "నలభై ఒక్క ఏళ్ళు. ఎదురుగా కూర్చున్న ప్రతివాడికీ చెప్పాను. ఇంట్లోవాళ్ళకు విడిగా చెప్పాను." కాసేపు పుస్తకం అట్ట నిమిరింది. "నువ్వూ గొంతే పెంచావన్నమాట."

నువ్వు. పదకొండేళ్ళలో మొదటిసారి. చెయ్యి చాచలేదు, ఇకమీదట అనలేదు. కోపంలో జారిందో, తనే దిగి వచ్చిందో ఆ మొహంలో ఏమీ రాసి లేదు.

"ఇలా వచ్చి కూర్చో" అంది. "వీటిని బాగు చెయ్యాలి. అరగంటే ఉంది."

పుస్తకం తెరిచి ప్రతి ఇంజనుకూ దాని నంబరు, దాని అంకెలు తిరిగి రాసింది. రబ్బరు గొట్టం సంచిలోంచి తియ్యలేదు. రాయడం అయ్యాక గంట నొక్కి అతని వైపు చూసేది. అతను వినపడిందని వేలెత్తేవాడు. ఆరూ అయ్యాయి. ఇరవై నాలుగు మిగిలింది. ఆమె కుర్చీని తిప్పుకుని అతనికి వీపు పెట్టి కూర్చుంది. దుకాణంలో ఆమె చేయించే పరీక్షే అది, కాకపోతే ఈసారి పరీక్షకు కూర్చున్నది తనే.

"గంట గడి నలభై నుంచి మొదలుపెట్టు. పదేసి పెంచుతూ ఒక్కోసారి నొక్కు. ఎంతో పైకి చెప్పకు. నాకు వినపడితే వేలెత్తుతాను."

అతను నలభై దగ్గర నొక్కాడు. గాజు గ్లాసు మోగింది. ఆమె వేలు ఒడిలోనే ఉంది. యాభై. అరవై. డెబ్భై రాశాడు. మీట మీద వేలు పెట్టబోతుండగా ఆమె వేలు లేచింది.

"ఇప్పుడు" అంది. "ఎంత?"

నొక్కినట్టే అంకె చెప్పేస్తే సరిపోతుంది. డెబ్భై అంటే పెద్ద లోటేమీ కాదు. గురువారాలు మిగులుతాయి. సీగ్మార్ మీట వైపు చూశాడు, తర్వాత నెరిసిన జుట్టు ముడి కింద ఆమె మెడ వైపు చూశాడు.

"ఇంకా నొక్కలేదండి" అన్నాడు.

ఆమె వేలు కాసేపు గాలిలోనే ఉండిపోయింది. కిటికీ అవతల మంచు రాలుతూనే ఉంది.

"అలాగా" అంది. "ఏదో మోగింది మరి." వేలు దించుకుంది. "కానివ్వు."

డెబ్భై నొక్కాడు. కదల్లేదు. ఎనభై. తొంభై. నూరు. నూట పది దగ్గర వేలు మళ్ళీ లేచింది, ఈసారి తొందర లేకుండా, సరిగ్గా మోతతో పాటు. అతను అంకె చెప్పాడు. ఆమె కుర్చీ తిప్పుకుని, నల్ల పుస్తకంలో ఇంజన్లన్నిటి తర్వాత కొత్త పేజీ తీసి, పైన తన పేరు రాసుకుంది. దాని కింద తేదీ. దాని కింద నూట పది. ఇరవై నాలుగో నంబరు గంటను మాత్రం నలభైకే తిరిగి దించింది.

"అది ఉండవలసింది ఇంతే" అంది.

జనం తిరిగొచ్చారు. హార్ట్‌విగ్ గొంతు సవరించుకుని సమ్మె పరిష్కారమైందని ప్రకటించాడు. హ్యాండిల్ ఇవ్వబోతే ఆమె సీగ్మార్ వైపు చూపించింది. అతను ఇరవై నాలుగును పిలిచాడు. ఇంజను ఒంటరిగా స్టేషను వదిలింది. ఏటి వంతెన దాటి, మిల్లు దాటి, వీధి మలుపులోకి వచ్చి, సన్నగా గంట కొడుతూ ఆ చిన్న ఇళ్ళ గుమ్మాలను రాసుకుంటూ పోయింది. ముసలమ్మలు మాటలు ఆపి విన్నారు.

రెండో చుట్టు అయ్యాక అతను పక్కకు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. కొక్కేనికి కోటు లేదు. సంచి, పుస్తకం లేవు. ప్లాట్‌ఫారం వైపు తలుపు దగ్గరగా వేసి ఉంది.

హ్యాండిల్ వదలడానికి లేక కిటికీలోంచే చూశాడు. ఆమె అప్పటికే ప్లాట్‌ఫారం దిగి, పట్టాలు పీకిన దారిలో నడుస్తోంది. తొందరగా కాదు, నెమ్మదిగానూ కాదు. పాత దారి రోడ్డును దాటేచోట ఆగింది. రోడ్డు మీద బండి ఏదీ లేదు. ఎవరో చెయ్యి అడ్డుపెట్టినట్టు అంచునే నిలబడి, ఒక పొడవాటి రైలు దాటిపోయేంతసేపు ఆగింది. తర్వాత అవతలికి దాటి, మంచులో కలిసిపోయింది.